వేల్స్ పాత కథల్లోని ఊళ్ళు నిజంగా ఎక్కడున్నాయి? బ్రాన్‌వెన్ సమాధి చూసొచ్చి అడుగుతున్నా

మెనాయ్‌గట్టు (ఆదివారం, రాత్రి 9:50)

అందరికీ నమస్తే. నేనుండేది బాంగర్‌లో. ఆస్పత్రిలో ఫిజియోథెరపీ ఉద్యోగం, వచ్చి మూడేళ్ళు. మొదటి చలికాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంటే ఏం చెయ్యాలో తోచక లైబ్రరీ నుంచి మాబినోగియన్ తెచ్చుకుని చదివాను. తెలియనివాళ్ళకి: వేల్స్ భాషలో మధ్యయుగంలో రాసిపెట్టుకున్న పదకొండు కథలు. మంత్రాలు, రాజులు, పక్కలోకం, మనిషి గద్ద అవడం, అన్నీ ఉంటాయి.

నన్ను పట్టేసింది మాత్రం మంత్రాలు కాదు. ఈ కథల్లో "అనగనగా ఒక ఊళ్ళో" అని ఉండదు. ఏ రేవులో దిగారు, ఏ ఏరు దాటారు, రాత్రి ఎక్కడ పడుకున్నారు, అన్నీ పేర్లతో సహా చెప్తారు. అందులో సగం పేర్లు నేను రోజూ బస్సు బోర్డుల మీద చూసేవే.

బ్రాన్‌వెన్ కథే తీసుకోండి. అన్న బ్రాన్ ఎంత భారీ మనిషంటే ఏ ఇంట్లోనూ పట్టడు. హార్లెక్ దగ్గర సముద్రం పక్కన బండ మీద కూర్చుని ఉంటే ఐర్లాండు నుంచి 13 ఓడలు వస్తాయి. అక్కడి రాజు ఇతని చెల్లెలు బ్రాన్‌వెన్‌ని చేసుకుంటానంటాడు. అబెర్‌ఫ్రౌలో పెళ్ళి, అన్న ఇంట్లో పట్టడు కాబట్టి గుడారాల్లో విందు. ఆ పిల్ల సవతి సోదరుడొకడు కోపంతో పెళ్ళివారి గుర్రాల పెదాలు, చెవులు, తోకలు కోసేస్తాడు. ఆ పగ అంతా ఐర్లాండులో ఆ పిల్ల మీదే తీర్చుకుంటారు. వంటింట్లోకి తోసేసి రోజూ దెబ్బలు. ఆమె పిండి పిసికే తొట్టి అంచున ఒక పక్షిని పెంచి, మాటలు నేర్పి, రెక్కకి ఉత్తరం కట్టి అన్న దగ్గరికి పంపుతుంది. మన గోరింక జాతి పక్షే అది. తర్వాత యుద్ధం. అటు దేశం, ఇటు దేశం నాశనం. తిరిగొచ్చిన వాళ్ళతో ఆలౌ ఏటి ముఖద్వారం దగ్గర ఒడ్డుకి దిగి, రెండు దేశాల వైపూ చూసి, నా వల్లే కదా ఇదంతా అని గుండె పగిలి చచ్చిపోతుంది. ఆలౌ గట్టున నాలుగు పలకల సమాధి కట్టారు అని కథ.

ఇవాళ ఆ సమాధి చూడ్డానికి వెళ్ళాను. ఆంగ్లసీ ద్వీపంలో హ్లాన్‌దైసాంట్ ఊరి దగ్గర. మ్యాప్‌లో "బెద్ బ్రాన్‌వెన్" అని పేరు ఉంది, బెద్ అంటే సమాధి. రెండు గేట్లు తీసి, వేసి, తాడు మళ్ళీ కట్టి, మడమ దాకా బురదలో నడిస్తే చివరికి ఒక చిన్న దిబ్బ, దాని మీద నాచు పట్టిన నిలువు రాయి. చుట్టూ గొర్రెలు. ఒక గొర్రె ఆ రాయికి ఒళ్ళు రుద్దుకుంటోంది. పక్కనే ఏరు, మన పంట కాలువంత.

ఇదేనా నిజంగా? ఇంకెక్కడెక్కడ చూడాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

లైబ్రరీపురుగు (ఆదివారం, రాత్రి 11:15)

మంచి టాపిక్ తెరిచారండీ.

ఆ దిబ్బని 1813లోనే తవ్వారు. కాలిన ఎముకలున్న కుండ దొరికింది. దొరకగానే అందరూ బ్రాన్‌వెన్ అస్థికలే అన్నారు. ఎందుకనరు, కథలో చెప్పినట్టే ఏటి గట్టున ఉంది మరి. తర్వాత 1966లో ఫ్రాన్సెస్ లించ్ అనే పురావస్తు శాస్త్రవేత్త పద్ధతిగా తవ్వితే ఒకటి కాదు, చాలా కుండలు బయటపడ్డాయి. అది కంచు యుగపు శ్మశానం. క్రీస్తుకి ముందు 2000, 1500 మధ్యది.

ఇక కథ సంగతి. ఈ కథలు మనకి దొరికిన పెద్ద రాతప్రతులు రెండు. తెల్ల పుస్తకం 1350 ప్రాంతానిది, ఎర్ర పుస్తకం 1400కి అటూ ఇటూ. కథలు వాటికంటే పాతవే, 11, 12 శతాబ్దాల్లో ఇప్పటి రూపానికి వచ్చాయంటారు. అంటే ఈ కథ చెప్పేవాడు ఆ దిబ్బ పక్కన నిలబడేసరికే దాని వయసు రెండున్నర వేల ఏళ్ళ పైమాటే. అందులో ఉన్నదెవరో అతనికీ తెలియదు, మనకీ తెలియదు. కానీ ఒక మాట. కథకుడికి ఆ చోటు తెలుసు. ఏటి గట్టు, రాతి సమాధి, ఇవి కల్పన కాదు.

మెనాయ్‌గట్టు (ఆదివారం, రాత్రి 11:32)

కొంచెం నిరాశగా ఉంది, అబద్ధమెందుకు. రేపు డ్యూటీకి ఈ బురద బూట్లే గతి.

ఉప్పాడపిల్ల (సోమవారం, ఉదయం 7:05)

వేల్స్‌లో సముద్రంలో మునిగిపోయిన రాజ్యం ఒకటుందని ఎక్కడో చదివాను, అదీ ఇదే కోవేనా? అడగడానికి కారణముంది. మా ఉప్పాడలో సముద్రం ఊరిని తింటూనే ఉంది. మా నాయనమ్మ కాపురానికొచ్చిన ఇల్లు ఇప్పుడు నీళ్ళలో ఉంది. "అదిగో అక్కడ మా అరుగు" అని అలల వైపు చెయ్యి చూపించేది. మాకు కెరటాలు తప్ప ఏమీ కనపడేది కాదు. అందుకే మునిగిన ఊళ్ళ కథలు ఉత్త కథలంటే నేను నమ్మలేను.

కార్డిఫ్‌అక్క (సోమవారం, మధ్యాహ్నం 1:20)

ఉప్పాడపిల్లా, దాని పేరు కాంత్రెర్ గ్వైలోద్. అర్థం "అడుగున ఉన్న సీమ" అని. కార్డిగన్ అఖాతంలో ఉండేదంటారు. కట్ట కట్టి సముద్రాన్ని ఆపేవారట. తూము కాపలా చూసే సైథెనిన్ ఒకరోజు పూటుగా తాగి తలుపు వెయ్యడం మర్చిపోయాడు, రాత్రికి రాత్రి సీమంతా నీటి పాలు. ఇప్పటికీ అబెర్‌డోవి దగ్గర నిశ్శబ్దంగా ఉంటే నీటి కింద గంటలు వినిపిస్తాయని చెప్పుకుంటారు.

నేను ఈ దేశం వచ్చి ఇరవై రెండేళ్ళు. 2014 చలికాలంలో వరుసగా తుఫానులు వచ్చాయి, గుర్తుందా? అవి ఇసుకని ఊడ్చేశాక బోర్త్ బీచ్‌లో అడవి బయటపడింది. అవును, అడవే. ఆ వారాంతం మావారూ నేనూ మూడు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్ళాం. నీళ్ళు వెనక్కి పోయాక బీచ్ పొడుగునా నల్లటి మొద్దులు, వందల్లో. వేళ్ళు పక్కలకి పాకి, ఎక్కడ మొలిచాయో అక్కడే నిలబడి ఉన్నాయి. ఓక్, పైన్, బర్చ్, విల్లో. ఒకదాని మీద వేలు పెట్టి నొక్కితే టీలో ముంచిన బిస్కెట్‌లా లోపలికి దిగింది. గబుక్కున చెయ్యి తీసేశాను, తప్పు చేసినట్టు. అవి 4,500 నుంచి 6,000 ఏళ్ళ కిందటివి. ఆ పీట్ (కుళ్ళిన మొక్కల) మట్టిలో మనుషుల అడుగులు, పశువుల డెక్కలు కూడా దొరికాయి. పుల్లలు అల్లి వేసిన నడకదారి ముక్క కూడా.

ఇలాంటివి జనం ఎప్పటినుంచో చూస్తూనే ఉన్నారు. 1188లో వేల్స్ అంతా తిరిగిన గెరాల్డ్ అనే మతగురువు, ఇంకా దక్షిణాన న్యూగేల్ బీచ్‌లో తుఫాను తర్వాత గొడ్డలి దెబ్బలున్న మొద్దులు బయటపడ్డాయని రాశాడు.

ఇంకొకటి. హార్లెక్ దగ్గర సముద్రంలోకి గీత గీసినట్టు రాళ్ళ వరస ఉంది, సార్న్ బాద్రిగ్ అంటారు. పాత జనం అదే ఆ రాజ్యపు కట్ట అనుకున్నారు. పోటు బాగా తగ్గినప్పుడు చూస్తే మీరూ అలాగే అనుకుంటారు. నిజానికి మంచు యుగంలో హిమనదాలు తెచ్చి పోసిన రాళ్ళ గుట్ట.

వెళ్ళేవాళ్ళకి ఒక్క హెచ్చరిక: ఆటుపోట్ల టైమ్ చూసుకోకుండా దిగకండి. మావారి చెప్పులు ఇప్పుడు ఆ రాజ్యంలోనే ఉన్నాయి.

లైబ్రరీపురుగు (సోమవారం, సాయంత్రం 6:40)

మేడమ్ చెప్పిందానికి చిన్న చేర్పు. తాగుబోతు కాపలావాడి కథ జనంలో బాగా పాకింది తర్వాతి కాలంలో. 1250 ప్రాంతపు కార్మార్థెన్ నల్ల పుస్తకంలో దీని మీద ఒక పద్యముంది. అందులో తిట్లన్నీ మెరెరిద్ అనే అమ్మాయికి. నీటి బుగ్గ కాపలా ఆమెదని. మొదట ఒక ఆడపిల్ల తప్పు, తర్వాత తాగుబోతు తప్పు. సముద్రం మాత్రం ఎప్పుడూ అదే.

ఇంకా ఆసక్తి ఉంటే, ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న మధ్యయుగపు గఫ్ మ్యాప్‌లో కార్డిగన్ అఖాతంలో ఇప్పుడు లేని రెండు ద్వీపాలు గీసి ఉన్నాయి. 2022లో ఇద్దరు పరిశోధకులు అవి నిజంగా ఉండి కోసుకుపోయి ఉండొచ్చని వాదించారు. రుజువు అనను, కానీ కొట్టిపారేసే మాటా కాదు.

పచ్చిమిర్చి (సోమవారం, రాత్రి 8:02)

ఇంత దూరం పోనక్కర్లేదు బాసూ. ఆ కథల్లో "డోన్ పిల్లలు" అని ఒక వంశం ఉంది. డోన్ అంటే దనువు. దనువు పిల్లలు దానవులు. అంటే వాళ్ళు ఇక్కణ్ణుంచి వెళ్ళినవాళ్ళే. వెల్ష్ భాష మొత్తం మనదే, కాస్త పాడైంది అంతే. ఈ విషయం ఎవరూ చెప్పరు, ఎందుకో మీకే తెలుసు.

లైబ్రరీపురుగు (సోమవారం, రాత్రి 9:30)

పచ్చిమిర్చి గారూ, ఎందుకు చెప్పరండీ, 1786లో కలకత్తాలో చెప్పారు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే తల్లి పిల్లలై ఉండాలని, కెల్టిక్ కూడా ఆ కుటుంబానిదే కావచ్చని సర్ విలియం జోన్స్ ప్రసంగించాడు. తమాషా ఏంటంటే ఆయన తండ్రి సొంత ద్వీపం మన మెనాయ్‌గట్టు గారు బురద తొక్కొచ్చిన ఆంగ్లసీనే. ఆ తండ్రి కూడా విలియం జోన్సే, గణితంలో పై (π) గుర్తుని 1706లో మొదట వాడినాయన.

కాబట్టి వెల్ష్‌కి సంస్కృతంతో దూరపు చుట్టరికం ఉంది. తల్లీకూతుళ్ళు కాదు, ఎన్నో తరాల కిందట విడిపోయిన దాయాదులు. ఇక "మనదే" అంటే ఏది? తెలుగు ఆ ఇంటిదే కాదు. అది ద్రావిడ కుటుంబమని మద్రాసులో ఎల్లిస్ దొర 1816లోనే చూపించాడు.

పేర్లు కలిపి చరిత్ర అల్లే పనిలో వేల్స్ వాళ్ళు మనకేమీ తీసిపోరు లెండి. యోలో మోర్గానుగ్ అని ఒక మహానుభావుడు (1747–1826). రాళ్ళు చెక్కే మేస్త్రీ, మంచి కవి, ఓపియం మందుకి బానిస. పాత ప్రతులు తనకి దొరికాయని చెప్పి కట్టలు కట్టలు తనే రాసేశాడు. ఎంత బాగా రాశాడంటే వందేళ్ళకి పైగా పండితులు వాటిని నెత్తిన పెట్టుకున్నారు. 20వ శతాబ్దంలో జి.జె. విలియమ్స్ ఓపిగ్గా కూర్చుని ఏది అసలు, ఏది యోలో వంట అని విడదీశాడు. వేల్స్ పాత కథల మీద ఏదైనా కమ్మగా, పూర్తిగా, అనుమానానికి తావు లేకుండా ఉంటే నాకు వెంటనే యోలో వాసన వస్తుంది.

పచ్చిమిర్చి (సోమవారం, రాత్రి 9:41)

సరే సార్. కానీ డోన్, దనువు కలవడం కలిసింది కదా :)

ఖమ్మంకుర్రాడు (మంగళవారం, ఉదయం 10:15)

ఆ పేర్లు ఎట్లా పలకాలన్నా? హ్లాన్ ఏంది, బెద్ ఏంది. ఒక్కటీ నోరు తిరగట్లే.

మెనాయ్‌గట్టు (మంగళవారం, సాయంత్రం 5:50)

తమ్ముడూ, రెండు ఎల్‌లు పక్కపక్కన వస్తే నాలుక "ల" దగ్గర పెట్టి గాలి ఊదాలి. నా పేషెంటు ఒక పెద్దావిడ నెల రోజులు నేర్పించింది, ఇప్పటికీ నవ్వుతుంది. తెలుగులో హ్ల అని రాసుకుంటున్నా, వేరే దారి లేక.

అర్థాలు తెలిస్తే మ్యాప్ మొత్తం విప్పుకుంటుంది. అబెర్ అంటే ఏరు కలిసే చోటు. కైర్ కోట. హ్లిన్ చెరువు. హ్లాన్ గుడి ఆవరణ, మన ఊళ్ళ చివర "పురం" వచ్చినట్టు ఊళ్ళ మొదట వస్తుంది. ఆవన్ అంటే నది. ఇంగ్లండ్‌లో ఏవన్ నది అంటారే, అది ఈ మాటే. అంటే "నది నది" అన్నమాట.

ఖమ్మంకుర్రాడు (మంగళవారం, సాయంత్రం 6:20)

మా మున్నేరు నది అన్నట్టే కదా! ఏరు అంటేనే నది, మళ్ళా పక్కన నది తగిలిస్తం.

లైబ్రరీపురుగు (మంగళవారం, రాత్రి 10:05)

సరిగ్గా పట్టారు. ఈ పేర్ల దగ్గరే అసలు కిటుకు ఉంది.

నాలుగో కథలో గ్విడియన్ అనే మాయగాడు దక్షిణాది రాజుని మోసం చేసి పందుల మందని కొట్టేస్తాడు. పక్కలోకం నుంచి కానుకగా వచ్చిన పందులవి. వాటిని తోలుకుంటూ ఉత్తరానికి పారిపోతాడు. ఒక రాత్రి ఒక చోట ఆగుతాడు, "అందుకే ఆ ఊరికి మోఖ్‌డ్రె అని పేరు" అంటాడు కథకుడు. మోఖ్ అంటే పందులు, డ్రె అంటే ఊరు. మర్నాడు ఇంకో చోట, "అందుకే అది మోఖ్‌నాంట్", పందుల వాగు. తర్వాత ఇంకో మోఖ్‌డ్రె. కొల్విన్ బే పక్కన ఆ ఊరు ఇప్పటికీ ఉంది, హైవే మీద బోర్డు కనిపిస్తుంది.

ఇప్పుడు చెప్పండి, పందులు నడిచాయి కాబట్టి పేర్లు వచ్చాయా, పందుల పేర్లున్న ఊళ్ళు వరసగా ఉన్నాయి కాబట్టి పందుల్ని నడిపించారా? నా ఓటు రెండోదానికి. మనకి స్థలపురాణం అనే మాట రెడీగా ఉంది కాబట్టి ఇది చిటికెలో అర్థమవుతుంది. రెక్కలు తెగిన జటాయువుతో రాముడు "లే పక్షీ" అన్నాడు కాబట్టి లేపాక్షి అంటాం. పేరు ముందు, కథ వెనక. కథ వెనక వచ్చింది కదా అని చోటు అబద్ధం కాదు.

మెనాయ్‌గట్టు గారూ, మీ నిరాశ అక్కడ మొదలైందని నా అనుమానం. దిబ్బలో బ్రాన్‌వెన్ ఉందా అని వెతికారు. ఆ దిబ్బని చూసి బ్రాన్‌వెన్‌ని ఎవరు తలుచుకున్నారు అని వెతికితే మీరు సరైన చోటికే వెళ్ళారు.

కార్డిఫ్‌అక్క (బుధవారం, ఉదయం 11:40)

అయితే పేరు చూసి కథ పుట్టించినవాళ్ళలో ఒక హోటల్ ఓనరు సంగతి చెప్పాలి.

స్నోడన్ కొండ కింద బెద్‌గెలర్ట్ అని ముచ్చటైన ఊరు. మళ్ళీ బెద్, సమాధి. గెలర్ట్ సమాధి. పచ్చిక మధ్యలో చెట్టు కింద కంచె, లోపల రాళ్ళు, రెండు భాషల్లో పలకలు. కథ ఇది: 13వ శతాబ్దపు రాజు హ్లెవెలిన్ వేటకెళ్ళాడు. గెలర్ట్ అనే వేటకుక్క ఇంట్లో ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి ఉయ్యాల తిరగబడి ఉంది, కుక్క మూతి నిండా నెత్తురు. బిడ్డని తినేసిందనుకుని కత్తి దూశాడు. కుక్క అరుపుకి ఉయ్యాల కింద నుంచి బిడ్డ ఏడుపు. పక్కన చచ్చిన తోడేలు. రాజు మళ్ళీ నవ్వలేదట.

మా అమ్మాయి ఎనిమిదేళ్ళప్పుడు తీసుకెళ్తే అక్కడే కూర్చుని గంట ఏడ్చింది. ఐస్‌క్రీమ్ కొనిపెట్టాక కానీ కారెక్కలేదు. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, 18వ శతాబ్దం చివర్లో ఊళ్ళో సత్రం పెట్టిన డేవిడ్ ప్రిచర్డ్ అనే ఆయన దక్షిణ వేల్స్ నుంచి ఈ కథ పట్టుకొచ్చి, ఊరి పేరుకి అతికించి, రాయి కూడా నిలబెట్టాడట, టూరిస్టులు వస్తారని. అసలు గెలర్ట్ అంటే కెలర్ట్ అనే పాతకాలపు సాధువు అయి ఉంటాడంటారు. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా మా అమ్మాయికి ఈ సంగతి చెప్పలేదు.

ఉప్పాడపిల్ల (బుధవారం, ఉదయం 11:58)

అక్కా!! ఇది మన ముంగిస కథ!

ఖమ్మంకుర్రాడు (బుధవారం, మధ్యాహ్నం 12:03)

నేను చదువుతా చదువుతా అదే అనుకున్న. బ్రాహ్మణుడు, ఉయ్యాల, పాము, ముంగిస. నాలుగో తరగతిలో మా సార్ చెప్తే క్లాసంతా ముక్కులు ఎగబీల్చినం.

పచ్చిమిర్చి (బుధవారం, మధ్యాహ్నం 12:10)

నేను చెప్తే నవ్వారు. ఇప్పుడు?

లైబ్రరీపురుగు (బుధవారం, రాత్రి 10:50)

ఇప్పుడు మీరు గెలిచారు పచ్చిమిర్చి గారూ, కానీ దానవుల వల్ల కాదు. ఇది నోటి మాట కాదు, దారి మొత్తం కాగితాల మీద ఉంది.

పంచతంత్రం 6వ శతాబ్దంలో పర్షియా భాషలోకి వెళ్ళింది. 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా దాన్ని కలీలా వ దిమ్నా పేరుతో అరబ్బీలోకి మార్చాడు. అక్కణ్ణుంచి హీబ్రూ, లాటిన్. ఇదే కథ "ఏడుగురు జ్ఞానులు" అనే ఇంకో కథామాలలో కూడా కలిసి యూరప్ అంతా తిరిగింది. ముంగిస అక్కడి జనానికి తెలియదు కాబట్టి దార్లో ఎక్కడో అది వేటకుక్క అయింది. ఫ్రాన్సులో లియోన్ దగ్గర పల్లెజనం అయితే 13వ శతాబ్దంలో ఆ కుక్కని గినెఫోర్ అనే పేరుతో సాధువుని చేసి, జబ్బు పిల్లల్ని తీసుకెళ్ళి మొక్కేవారు. విచారణకొచ్చిన మతాధికారి ఆ కుక్క ఎముకల్ని తవ్వి తీయించి, అక్కడి చెట్ల తోపుని నరికించి, అన్నీ కాల్పించాడు.

ఇక మనకి కావలసిన ముక్క. ఆ ఏడుగురు జ్ఞానుల కథలకి మధ్యయుగపు వెల్ష్ అనువాదం ఉంది. అది ఉన్నది ఎర్ర పుస్తకంలో. బ్రాన్‌వెన్ కథ ఉన్న ఆ ఎర్ర పుస్తకమే! హోటల్ ఓనరు పుట్టడానికి మూడు వందల ఏళ్ళకి పైగా ముందే ఉయ్యాల, పాము, వేటకుక్క వెల్ష్ భాషలోకి వచ్చి, బ్రాన్‌వెన్‌తో ఒకే అట్టల మధ్య కూర్చుని ఉన్నాయి. ఇప్పుడది ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది, జీసస్ కాలేజీ సొత్తు.

ప్రిచర్డ్ చేసిందల్లా దానికి ఒక అడ్రస్ ఇవ్వడం.

కార్డిఫ్‌అక్క (గురువారం, ఉదయం 8:15)

ఇది మాత్రం మా అమ్మాయికి చెప్తాను.

మెనాయ్‌గట్టు (ఆదివారం, రాత్రి 10:20)

పురుగు గారి మాట పట్టుకుని ఈ వారం తోమెన్ ఎ మీర్ వెళ్ళాను, ట్రాస్‌వెనిద్ పైన. నాలుగో కథలోని హ్లై అనే వీరుడి కోట అక్కడేనట. వాడికి మనిషి పిల్లని చేసుకోకూడదని తల్లి శాపం. అందుకని మాయగాళ్ళిద్దరు ఓక్ పూలు, ఇంకో రెండు రకాల పూలు కలిపి ఒక అమ్మాయిని చేస్తారు. పేరు బ్లొడైవెద్. ఆ పూలపిల్ల వేరేవాణ్ణి ప్రేమించి, మొగుణ్ణి ఎలా చంపొచ్చో మొగుడి నోటితోనే చెప్పిస్తుంది.

అక్కడ నిజంగా ఉన్నదేంటంటే రోమన్ల కోట. మొదటి శతాబ్దంలో కట్టింది. పక్కనే వాళ్ళ చిన్న ఆటస్థలం, గడ్డి కప్పేసిన గుండ్రటి గుంట. కోట మధ్యలో నార్మన్ల కాలపు మట్టిదిబ్బ. కథ చెప్పేవాడి కాలానికి రోమన్లు పోయి ఏడెనిమిది వందల ఏళ్ళు. పాడుబడిన గోడలు చూసి ఇది ఎవరిది అని అడిగి ఉంటారు, అతను హ్లై పేరు చెప్పి ఉంటాడు. దిబ్బ ఎక్కి చూస్తే కింద చెరువు, ఒడ్డున మూతబడ్డ అణు విద్యుత్ కేంద్రం. 1965 నుంచి 1991 దాకా నడిచిందట. రెండు పెద్ద బూడిదరంగు పెట్టెలు. ఇంకో వెయ్యేళ్ళకి దాని మీద ఏం కథ కడతారో అనుకుంటూ పులిహోర తిన్నాను. గాలికి సగం కరివేపాకు ఎగిరిపోయింది.

ఈసారి నిరాశ లేదు.

ఖమ్మంకుర్రాడు (ఆదివారం, రాత్రి 10:34)

ఎట్లా చంపొచ్చన్నా? మధ్యలో ఆపినవ్.

మెనాయ్‌గట్టు (ఆదివారం, రాత్రి 10:41)

ఇంట్లో ఉన్నప్పుడు చావడు, బయట ఉన్నప్పుడూ చావడు. గుర్రం మీద చావడు, నేల మీదా చావడు. ఏటి ఒడ్డున స్నానపు తొట్టి పెట్టి, పైన కప్పు వేసి, ఒక కాలు తొట్టి అంచున, ఒక కాలు మేక వీపున పెట్టి నిలబడితేనే చస్తాడు. అదీ ఏడాది పాటు, ఆదివారం ప్రార్థన జరిగే వేళల్లో మాత్రమే పనిచేసి తయారుచేసిన ఈటెతో.

ఖమ్మంకుర్రాడు (ఆదివారం, రాత్రి 10:44)

హిరణ్యకశిపుడు! ఇంట్లో కాదు బయట కాదు, గడప మీద! మా అమ్మమ్మ అహోబిలంలో ఉగ్రస్తంభం చూపించి "ఇదే ఆ స్తంభం" అన్నది.

లైబ్రరీపురుగు (ఆదివారం, రాత్రి 11:10)

దీనికి మాత్రం ముంగిసకున్నట్టు కాగితాల దారి లేదు. రెండు ఊళ్ళలో ఇద్దరు తెలివైన ముసలివాళ్ళు ఒకే పొడుపుకథ కట్టుకోవచ్చు, అరువు తెచ్చుకోనక్కర్లేదు. కానీ స్తంభం మాట బాగుంది. ఇక్కడా ఒక రాయి ఉంది. హ్లై తిరిగొచ్చి ప్రియుడి మీద ఈటె విసిరితే, వాడు అడ్డం పెట్టుకున్న బండని చీల్చుకుని పోయిందట. ఫెస్టినియోగ్ దగ్గర కిన్వాల్ లోయలో కన్నం ఉన్న బండ ఇప్పటికీ చూపిస్తారు, హ్లెఖ్ రోను అంటారు. మీ అమ్మమ్మ ఆ లోయలో పుట్టి ఉంటే అదే వేలితో దాన్ని చూపించేది.

ఉప్పాడపిల్ల (సోమవారం, ఉదయం 6:50)

మెనాయ్‌గట్టు అన్నా, సముద్రంలోవి ఇంకేమైనా ఉంటే చెప్పు. నాకు కొండలొద్దు.

మెనాయ్‌గట్టు (సోమవారం, రాత్రి 8:30)

ఉందమ్మా. హ్లైని శపించిన తల్లి అరియాన్‌రోద్ కోట. దీనస్ దీన్‌హ్లె బీచ్ ఎదురుగా సముద్రంలో రాళ్ళ గుట్ట, నీళ్ళు బాగా తగ్గితే నల్లటి గీతలా కనిపిస్తుందట. కైర్ అరియాన్‌రోద్ అనే పేరు మ్యాపుల్లోనే ఉంది. బీచ్ పక్కనున్న మట్టికోట హ్లై పేరు మీదే. ఆ కోటని కూడా సముద్రం కోసేస్తోంది, ఒక వైపు ఇప్పటికే పోయింది. పూర్తిగా పోయేలోపు ఏమున్నాయో చూద్దామని 2019లో తవ్వితే పెద్ద గుండ్రటి రాతి ఇల్లు బయటపడింది. నీళ్ళు తగ్గే రోజు చూసుకుని వెళ్ళి ఫోటో పెడతాను, మీ నాయనమ్మ గారి పేరు చెప్పుకుని.

కార్డిఫ్‌అక్క (శనివారం, సాయంత్రం 7:25)

నేనూ ఊరుకోలేక ఇవాళ నార్బర్త్ వెళ్ళాను. మొదటి కథ మొదలయ్యేది అక్కడే, అర్బెర్త్ గుట్ట. ఆ గుట్ట మీద కూర్చున్న గొప్పింటివాళ్ళకి రెండింట్లో ఒకటి తప్పదు: దెబ్బలైనా తగులుతాయి, అద్భుతమైనా కనబడుతుంది. పువిహ్ల్ రాజు కూర్చుంటే తెల్ల గుర్రం మీద రియానన్ వచ్చింది. మెల్లగా నడిచే గుర్రమే, ఎంత వేగంగా వెంటపడ్డా అందదు. చివరికి రాజు "ఆగు" అని అడిగితే, "ఆ మాట ముందే అడిగుంటే నీ గుర్రానికి బాగుండేది" అంటుంది. ఆ ఒక్క మాటకే నాకు ఆవిడంటే ఇష్టం.

మావారూ నేనూ ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళి నలభై నిమిషాలు కూర్చున్నాం. దెబ్బలు తగల్లేదు. అద్భుతం కనబడలేదు. వాన వచ్చింది. మావారు "మనం గొప్పింటివాళ్ళం కాదేమో" అన్నారు.

లైబ్రరీపురుగు (శనివారం, రాత్రి 9:00)

మేడమ్, చెప్పడం మర్చిపోయాను, క్షమించాలి. ఆ గుట్ట ఎక్కడన్న దాని మీద గొడవ ఉంది. నార్బర్త్ కాదు, కార్డిగన్ పక్కనున్న క్రీగ్ మౌర్ అని కొందరంటారు.

కార్డిఫ్‌అక్క (శనివారం, రాత్రి 9:12)

ఇంటికొచ్చాక చెప్తారా! వచ్చే శనివారం మళ్ళీ ఫ్లాస్కు కడగాలి.